పాడేదీ ఊదేదీ ఒకే మనిషి: చెట్ బేకర్ తరువాత ఎవరిని, ఏ వరుసలో వినాలి?

ప్రశ్న: మధ్యమావతి

నేను ప్రధానంగా కర్ణాటక సంగీతం వినే శ్రోతను. జాజ్‌తో నా పరిచయం ఇటీవలిది, అది కూడా ఎక్కువగా పియానో, శాక్సఫోన్ రికార్డుల ద్వారా కలిగినది. కొంతకాలం క్రితం ఒక మిత్రురాలు ‘చెట్ బేకర్ సింగ్స్’ అనే 1954 నాటి ఆల్బమ్‌ను వినమని పంపారు. పాడుతున్న మనిషే ట్రంపెట్ కూడా ఊదుతున్నాడని తెలిశాక ఆ పాటలను మళ్లీ మొదటి నుంచి, ఈసారి గొంతునూ వాద్యాన్నీ పక్కపక్కన పెట్టుకొని విన్నాను. అప్పటి నుంచి నాకు వేరే సంగీతం మీదికి మనసు పోవడం లేదు.

నన్ను ఆకట్టుకున్నది ఏమిటంటే, గొంతు విడిచిన చోట ట్రంపెట్ అందుకున్నా మనిషి మారినట్లు అనిపించకపోవడం. గొంతులో ఎంత మెత్తదనం ఉందో ఊదడంలోనూ అంతే ఉంది. గొంతు ఏ మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుందో వాద్యమూ దాదాపు అక్కడే ఆగుతుంది. పెళ్లి ఊరేగింపుల్లో, కవాతుల్లో నేను ఎరిగిన ట్రంపెట్ వీధి చివరి వరకు వినబడే వాద్యం. ఈ రికార్డులో అది పక్క కుర్చీలోని మనిషితో మాట్లాడుతున్నంత నెమ్మదిగా ఉంది. మన సంగీతంలో పాటలోనూ వాద్యంలోనూ సమానంగా రాణించినవారు లేకపోలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గాత్రాన్నీ వయోలానూ రెండింటినీ ఇష్టపడిన శ్రోతలు ఎందరో ఉన్నారు. అయితే తీగ వాద్యానికి చేతులు చాలు, నోటితో పనిలేదు. ట్రంపెట్ దగ్గర మాత్రం పాటకూ వాద్యానికీ అవే పెదవులు, అదే ఊపిరి పంచుకోవలసి వస్తుంది. అందుకే ఈ కలయిక నాకు కొత్తగా తోస్తున్నది.

తెలిసినవారిని మూడు సంగతులు అడగదలచుకున్నాను. బేకర్ మొదట ట్రంపెట్ వాద్యకారుడా, గాయకుడా? ఆయన గొంతు పెద్దగా శిక్షణ పొందినట్లు వినిపించదు, శ్రుతి కూడా అక్కడక్కడ కొంచెం జారినట్లు తోస్తుంది. మరి జాజ్ వినేవారు దానిని ఎలా స్వీకరించారు? ఇక మూడవది, అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది: ఈ విధంగా పాడుతూ ఊదినవారిలో తరువాత ఎవరిని వినాలి, ఏ క్రమంలో వింటే ఈ కళ ఎలా పెరిగిందో అర్థమవుతుంది?

జవాబు: ఇత్తడిగొంతు

మధ్యమావతి గారూ, నేను ట్రంపెట్ వాయిస్తాను, పిల్లలకు నేర్పుతాను కూడా. చరిత్రను మిగతావారికి వదిలి, మీరు ఆశ్చర్యపడిన ఆ ఏకత్వం ఎక్కడి నుంచి వస్తుందో వాద్యం వైపు నుంచి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ట్రంపెట్‌కు ఉన్నవి మూడు మీటలు మాత్రమే. వాటిలో ఏదీ నొక్కకుండానే షడ్జం, పంచమం, పై షడ్జం, దాని మీది అంతర గాంధారం, ఆపై పంచమం, ఇన్ని స్వరాలు ఒకే గొట్టంలో నుంచి వస్తాయి. వాటిలో ఏది పలకాలన్నది వేళ్లు నిర్ణయించవు. పెదవుల బిగువు, ఊపిరి వేగం నిర్ణయిస్తాయి, వాటిని నడిపేది చెవి. పలకబోయే స్వరం ముందుగా మనసులో వినబడకపోతే దాని పక్క స్వరం పలుకుతుంది. అందుకే ఇత్తడి వాద్యాలు నేర్పేవారు ఒక పంక్తిని ఊదించే ముందు దానిని నోటితో పాడించడం చాలా చోట్ల అలవాటు. మీటల మీద ఆధారపడి వాయించే విద్యార్థికీ, లోపల పాడుకుంటూ వాయించే విద్యార్థికీ ఉన్న తేడా కొద్ది నెలల్లోనే బయటపడుతుంది. ఆ లెక్కన ట్రంపెట్ వాయించే ప్రతి మనిషి లోపల ఒక గాయకుడు పనిచేస్తూనే ఉంటాడు. బేకర్ లాంటివారు అతడిని బయటికి కూడా వినిపించారు.

బేకర్ విషయంలో ఇది మరీ స్పష్టంగా తెలియడానికి కారణాలు ఉన్నాయి. ఆయన దీర్ఘ స్వరాన్ని దాదాపు ఊపకుండా, గీత గీసినట్లు తిన్నగా నిలుపుతాడు. పాటలోనూ అంతే చేస్తాడు. తారస్థాయిలోకి ఎక్కి మెప్పించాలన్న ఆరాటం ఆ రికార్డులో కనబడదు. ఎక్కువ భాగం మధ్యస్థాయిలోనే, అంటే ఒక మగ గొంతు సునాయాసంగా ఊహించుకోగల పరిధిలోనే తిరుగుతాడు. మైకుకు దగ్గరగా నిలబడి తక్కువ గాలితో ఊదడం వినడానికి తేలికగా ఉంటుంది గాని, చేసేవారికి చాలా కష్టం. గాలి తగ్గితే పెదవుల కదలిక ఆగిపోయి స్వరం మధ్యలో తెగిపోతుంది. అంత నెమ్మదిగా ఊదుతూ స్వరాన్ని నిండుగా నిలపడం ఎంత పట్టు ఉంటే సాధ్యమో వాయించేవారికి తెలుస్తుంది. బేకర్‌ను కేవలం సుకుమారమైన వాద్యకారుడని తీసిపారేసే విమర్శ నాకు అన్యాయంగా తోచడానికి ఇదే కారణం.

మీరు వింటున్నప్పుడు గమనించవలసింది మరొకటి ఉంది. ఒకే మనిషి ఒకే సమయంలో పాడుతూ ట్రంపెట్ ఊదలేడు గనుక ఈ పాటలకు ఒక సహజమైన కట్టుబాటు ఏర్పడింది. 32 బార్ల (బార్ అంటే మన తాళావర్తం లాంటి ఒక చిన్న కొలత) పాటను ఒకసారి పూర్తిగా పాడి, రెండవ ఆవృత్తిని ట్రంపెట్‌కు ఇచ్చి, చివర మళ్లీ మాటలకు వస్తారు. అనుభవంతో చెబుతున్నాను, ఇందులో పెదవులకు విశ్రాంతి అనే ప్రయోజనం కూడా ఉంది. ట్రంపెట్ మీద పెదవులు చాలా త్వరగా అలసిపోతాయి. ఏ స్టూడియో రికార్డులోనైనా ఒక మనిషి పాట వెనుక అదే మనిషి ట్రంపెట్ వినబడితే, రెండింటిలో ఒకదానిని విడిగా రికార్డు చేసి కలిపారని అర్థం.

‘దేర్ విల్ నెవర్ బి అనదర్ యూ’ పాటను ఈ దృష్టితో మళ్లీ వినండి. మాటలు ముగిసి ట్రంపెట్ మొదలయ్యే ఆ మలుపులో వాద్యం కొత్తగా రంగప్రవేశం చేయదు, చెబుతున్న మాటనే కొనసాగిస్తుంది.

జవాబు: పాతరికార్డు

మీ మొదటి ప్రశ్నకు సమాధానం సూటిగానే ఉంది. బేకర్ ముందు ట్రంపెట్ వాద్యకారుడు, ఆ తరువాతే గాయకుడు. 1929 డిసెంబరు 23న ఓక్లహోమా రాష్ట్రంలోని యేల్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి గిటార్ వాద్యకారుడు. తండ్రి ముందు అతడికి ట్రాంబోన్ తెచ్చి ఇచ్చాడు. అది కుర్రవాడికి మరీ పెద్దదైనందున దాని బదులు ట్రంపెట్ వచ్చింది. కుటుంబం కాలిఫోర్నియాకు తరలిపోయింది. 1946లో, పదహారేళ్ల వయసులో, సైన్యంలో చేరి బెర్లిన్‌లో సైనిక బ్యాండులో వాయించాడు. రాసిన స్వరలిపి కంటె తన చెవినే ఎక్కువగా నమ్ముకునే వాద్యకారుడని తోటివారు చెప్పుకునేవారు. ఇత్తడిగొంతు గారు చెప్పిన దానితో ఈ సంగతి చక్కగా సరిపోతుంది.

1952లో ప్రసిద్ధ జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ అమెరికా పశ్చిమ తీరంలో కచేరీలు చేయడానికి వచ్చినప్పుడు బేకర్‌ను తన వెంట తీసుకున్నాడు. అదే ఏడాది బారిటోన్ శాక్సఫోన్ వాయించే జెర్రీ మలిగన్ లాస్ ఏంజెలిస్‌లోని ‘హేగ్’ క్లబ్బులో నడిపిన చతుష్టయంలో చేరాడు. ఆ బృందంలో పియానో లేదు. శాక్సఫోన్, ట్రంపెట్, బాస్, డ్రమ్స్, అంతే. వెనుక నుంచి స్వర సముదాయాలను పరిచి ఆధారం ఇచ్చే వాద్యమే లేనందువల్ల ట్రంపెట్ పలికే పంక్తి తనంతట తానే పాటగా నిలబడవలసి వచ్చింది. బేకర్ ట్రంపెట్‌కు పాట గుణం పట్టుబడింది ఆ చతుష్టయంలోనేనని నా అభిప్రాయం. 1953లో మాదకద్రవ్యాల కేసులో మలిగన్ జైలుకు వెళ్లడంతో బృందం చెదిరింది. బేకర్ పియానో వాద్యకారుడు రస్ ఫ్రీమన్‌తో కలిసి సొంత చతుష్టయం ఏర్పరచుకున్నాడు. మీరు విన్న ఆల్బమ్ ఆ చతుష్టయానిదే. దానిని పసిఫిక్ జాజ్ సంస్థ 1954లో ఎనిమిది పాటలతో పది అంగుళాల రికార్డుగా వేసింది. 1956లో మరి ఆరు పాటలు చేర్చి పన్నెండు అంగుళాల రికార్డుగా మళ్లీ వేసింది. మీ మిత్రురాలు పంపిన దానిలో పద్నాలుగు పాటలు ఉంటే అది రెండవదన్నమాట.

మీరు శ్రుతి గురించి అన్నది సరిగానే ఉంది. పాడినప్పుడు స్వరస్థానాలు నిలవక పదేపదే రికార్డు చేయవలసి వచ్చిందని ఆ రోజుల తోటి వాద్యకారులు తరువాత చెప్పారు. డౌన్‌బీట్ అనే అమెరికా జాజ్ పత్రిక పాఠకులు ఆయనను 1954లో ఉత్తమ ట్రంపెట్ వాద్యకారుడిగా ఎన్నుకున్నా, ఆ గొంతును జాజ్ విమర్శకులలో చాలామంది ఇష్టపడలేదు. పేలవంగా ఉందని, మగ గొంతుకు ఉండవలసిన బలం లేదని అన్నవారు ఉన్నారు. మామూలు శ్రోతలు మాత్రం దానిని గుండెకు హత్తుకున్నారు. బ్రెజిల్‌లో కొన్నేళ్ల తరువాత పుట్టిన బోసనోవా అనే సంగీత శైలి గాయకుల మీద ఆ మెత్తని, ఊపులేని పాట ప్రభావం ఉందని ఆ దేశపు సంగీతజ్ఞులే చెప్పుకున్నారు. నా మటుకు నాకు ఆ గొంతులో బలం లేకపోవడం లోపం కాదు. ప్రేమలో ఓడిపోయిన మాటను గట్టిగా పాడితే అది ఫిర్యాదులా వినబడుతుంది. బేకర్ దానిని తనకు తాను చెప్పుకుంటున్నట్లు పాడతాడు.

వినవలసిన క్రమం చెబుతాను. ముందుగా మలిగన్ చతుష్టయం 1952లో వాయించిన ‘మై ఫన్నీ వాలెంటైన్’ వినండి. అందులో మాటలు లేవు, ట్రంపెట్టే పాడుతుంది. ఆ వెంటనే మీ ఆల్బమ్‌లో ఆయన నోటితో పాడిన అదే పాట వినండి. రాజర్స్, హార్ట్ జంట 1937లో ఒక సంగీత నాటకానికి రాసిన పాట అది. ఆ రెండు రికార్డుల మధ్య ట్రంపెట్ నుంచి గొంతుకు ఏమేమి బదిలీ అయిందో మీకే తెలుస్తుంది. తరువాత 1958లో రివర్‌సైడ్ సంస్థకు చేసిన ‘ఇట్ కుడ్ హ్యాపెన్ టు యూ’ ఆల్బమ్‌కు వెళ్లండి. అందులో కొన్ని చోట్ల మనం ట్రంపెట్ వస్తుందని ఎదురుచూసే ఆవృత్తిలో ఆయన వాద్యం పట్టకుండా అర్థంలేని అక్షరాలతో మనోధర్మం పాడతాడు. ఆ పంక్తులను ట్రంపెట్ మీద వాయించి ఉంటే మార్చవలసినది ఏమీ ఉండదు. ఊపిరి పొడవులు, స్వరం మీదికి వంకరగా వాలే తీరు, చివరి స్వరాన్ని పొడిగించకుండా వదిలేయడం, అన్నీ ట్రంపెట్‌వే. ఆ మరుసటి ఏడాది బిల్ ఎవన్స్ పియానోతో చేసిన ‘చెట్’ ఆల్బమ్‌లో పాటలు లేవు, పూర్తిగా వాద్యమే. అయినా మీకు అది గాత్రం విన్నట్లే ఉంటుంది.

జవాబు: మిసిసిపీతీరం

పై ఇద్దరూ విలువైన సంగతులు చెప్పారు. అయినా వినవలసిన క్రమం దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఈ కళ ఎలా పెరిగిందో తెలుసుకోవాలన్నది మధ్యమావతి గారి కోరిక అయినప్పుడు బేకర్ దగ్గర మొదలుపెట్టి బేకర్ దగ్గరే ఆగిపోకూడదు. పాడుతూ ఊదే జాజ్ కళాకారుడు అనే మాటకు మొదటి అర్థం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన లేకుండా బేకర్ లేడు, ట్రంపెట్ ఊదనివారితో సహా ఆ తరువాతి జాజ్ గాయకులలో చాలామంది కూడా లేరు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో న్యూ ఆర్లీన్స్‌లో అతి పేద కుటుంబంలో పుట్టాడు. 1925 నుంచి షికాగోలో ‘హాట్ ఫైవ్’ అనే బృందం పేరుతో ‘ఓకే’ అనే రికార్డు సంస్థకు రికార్డులు చేశాడు. 1926లో వచ్చిన ‘హీబీ జీబీస్’లో మాటలు వదిలి అర్థంలేని అక్షరాలతో ఒక ఆవృత్తి మొత్తం పాడాడు. పాట రాసిన కాగితం చేతి నుంచి జారిపడినందువల్ల అలా పాడవలసి వచ్చిందన్న కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, రికార్డులో వినబడేది తడబాటు కాదు. ట్రంపెట్ మీద ఏయే విరుపులు విరిచేవాడో వాటినే నోటితో విరిచాడు. స్కాట్ అని పిలిచే ఈ పాట పద్ధతి ఆయనకు ముందు లేకపోలేదు గాని, దేశమంతా దానిని పట్టించుకునేలా చేసినది ఆ రికార్డే. 1927 నాటి ‘హాటర్ దాన్ దట్’ వినండి. అక్కడ ఆయన గొంతుకూ లానీ జాన్సన్ గిటార్‌కూ మధ్య నడిచే సంభాషణలో గొంతు పూర్తిగా వాద్యమైపోతుంది.

ఇక 1928 జూన్ 28న రికార్డు చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ గురించి తొందరపడకుండా చెప్పాలి. మొదట ఏ తోడూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే పదిహేను క్షణాలకు లోపే మూడు స్థాయిలనూ చుట్టి వస్తుంది. తాళం లేదు, తోడు లేదు. రాగాన్ని ఒక్క ఊపులో విప్పి చూపి వదిలినట్లు ఉంటుంది. ఆ ఆరంభాన్ని వాయించడం ఇప్పటికీ ట్రంపెట్ విద్యార్థులకు పరీక్షగానే ఉంది. ఆ ఆర్భాటం తరువాత కొంతసేపటికి ఆయన పాడతాడు, అదీ మాటలు లేకుండా, దాదాపు గుసగుసగా. జిమ్మీ స్ట్రాంగ్ క్లారినెట్ ఒక పంక్తి అంటే ఈయన గొంతు దానికి జవాబు చెబుతుంది. ట్రంపెట్‌తో అంత ధాటిగా మొదలుపెట్టిన మనిషి గొంతు దగ్గరికి వచ్చేసరికి అంత వినయంగా మారడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. ఎర్ల్ హైన్స్ పియానో ఒక ఆవృత్తి నడిచాక చివరి ఆవృత్తిలో ట్రంపెట్ ఒకే స్వరాన్ని నాలుగు బార్ల పాటు కదలకుండా పట్టుకుంటుంది. మూడు నిమిషాలకు కాస్త పైబడిన రికార్డులో గొంతు నెమ్మదినీ ట్రంపెట్ ధాటినీ ఒకే మనిషి ఇంత దగ్గరగా చూపించిన సందర్భం నేను మరొకటి ఎరుగను.

బేకర్‌కూ ఆయనకూ తేడా ఎక్కడుందో కూడా గమనించండి. బేకర్ గొంతూ ట్రంపెట్టూ ఒకే నునుపుతో ఉంటాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు గరుకు, ట్రంపెట్ మాత్రం సూర్యుడిలా వెలిగే ధ్వని. నాదం చూస్తే రెండింటికీ పోలిక లేదు, అయినా రెండూ ఒక్కరివే అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కారణం లయ. తాళానికి కొంచెం వెనుకగా వచ్చి పడే స్వరం, ఒకే స్వరాన్ని పలుమార్లు తిప్పి పలికి దానితోనే ఊపు తెప్పించడం, ఇవి రెండింటిలోనూ ఉంటాయి. 1931లో ఆయన చేసిన ‘స్టార్‌డస్ట్’లో రచయిత కట్టిన మెలికల వరుసను ట్రంపెట్ మీదా గొంతులోనూ ఒకే పద్ధతిలో సరళం చేసి, అసలు పాట కంటె మెరుగైనది కట్టాడని నేను నమ్ముతాను.

గరుకు గొంతు అలవాటు పడటానికి కొంత సమయం కావాలంటే 1956 నాటి ‘ఎల్లా అండ్ లూయీ’తో మొదలుపెట్టవచ్చు. ఎల్లా ఫిట్జెరాల్డ్ గొంతు పక్కన ఆయన గొంతు ఎంత లాలనగా ఉంటుందో అందులో వినబడుతుంది. వెనుక ఆస్కార్ పీటర్సన్ పియానో ఉంది. నెమ్మదిగా నడిచే పాటలు కావడం వల్ల కర్ణాటక సంగీతపు చౌకకాలానికి అలవాటు పడిన చెవికి త్వరగా అందుతాయి.

మధ్యమావతి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన రికార్డులలో చాలా వాటిని ఈ వారంలో శ్రద్ధగా విన్నాను.

1952, 1954 రికార్డులను వెంటవెంటనే విన్నప్పుడు నాకు తోచిన మాట చెబుతాను, తప్పైతే సరిదిద్దండి. మన నాగస్వర విద్వాంసులు, వైణికులు కృతి వాయించేటప్పుడు సాహిత్యం మనసులో పెట్టుకొని, ఎక్కడ పదం విరుగుతుందో అక్కడే విరుస్తారు. సాహిత్యం తెలిసిన శ్రోతకు మాటలు వినబడుతున్నట్లే ఉంటుంది. మలిగన్ బృందంలో బేకర్ ట్రంపెట్ వింటున్నప్పుడు నాకు సరిగ్గా ఆ అనుభవమే కలిగింది. అప్పటికి ఆయన ఆ పాటను రికార్డు మీద పాడలేదు, అయినా ట్రంపెట్ మాటలు తెలిసినట్లే నడిచింది.

‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ గురించి మిసిసిపీతీరం గారు రాసినది చదివి విన్నందువల్ల దాని నిర్మాణం అందింది. అయితే నా మనసు ఇంకా బేకర్ వైపే ఉంది. మరొక సందేహం. ఆయన పళ్లు పోయిన తరువాత మళ్లీ ట్రంపెట్ నేర్చుకున్నాడని ఒకచోట చదివాను. అలాంటి దెబ్బ తగిలిన వాద్యకారుడు మళ్లీ ఊదడం సాధ్యమేనా? ఆ తరువాతి రికార్డులలో పాట పాలు పెరిగిందా?

జవాబు: ఇత్తడిగొంతు

సాహిత్యం గురించి మీరు అన్నది జాజ్ వాద్యకారులు కూడా ఒప్పుకునే మాటే. శాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్, వాయించే పాటకు మాటలు తెలిసి ఉండాలని పట్టుబట్టేవాడు.

పళ్ల విషయం. ట్రంపెట్‌లో నోటితో ఊదే భాగమైన మౌత్‌పీస్ అంచు పెదవుల మీద ఆనుతుంది, పెదవుల వెనుక ఆధారంగా నిలిచేది ముందు పళ్ల వరుస. ఆ వరుస మారితే పెదవులు ఆనే కోణం, బిగువు, గాలి వెళ్లే దారి అన్నీ మారిపోతాయి. ఏళ్ల తరబడి కండరాలకు పట్టిన అలవాటు ఒక్కసారిగా పనికిరాకుండా పోతుంది. బేకర్ 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో దెబ్బలు తిని పళ్లు పాడు చేసుకున్నాడు. తరువాత కట్టుడు పళ్లు పెట్టించుకోవలసి వచ్చింది. కట్టుడు పళ్లతో ట్రంపెట్ ఊదడం అసాధ్యం కాదు గాని, ఇరవై ఏళ్ల పైచిలుకు వాయించిన మనిషి మళ్లీ మొదటి పాఠం నుంచి ఆరంభించాలి. ఎన్నో ఏళ్ల నుంచి తన వశంలో ఉన్న స్వరం ఒక్కసారిగా రాకపోతే కలిగే నిస్పృహను ఆయన తట్టుకున్నాడన్నదే నాకు గొప్పగా కనిపిస్తుంది.

పెదవుల సమస్య ఆర్మ్‌స్ట్రాంగ్‌కు కూడా ఉండేది. తారస్థాయి స్వరాలను విపరీతంగా ఊది 1930లలోనే పెదవులు దెబ్బతిన్నాయి. వయసు పైబడిన కొద్దీ ఆయన కచేరీలలో పాట పాలు పెరిగింది. పాడగలగడం అనేది ఈ వాద్యకారులకు అలంకారం మాత్రమే కాదు, వృత్తి నిలవడానికి ఆధారం కూడా.

జవాబు: పాతరికార్డు

ఆ తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. బేకర్ జీవితంలోని మాదకద్రవ్యాల వ్యసనం, 1960లో ఇటలీలోని లూకా పట్టణంలో జైలు, చివరికి 1988 మే 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ కిటికీ నుంచి పడి మరణించడం, వీటి గురించి ఇప్పటికే కావలసినంతకు మించి రాశారు. వ్యసనమే ఆ సంగీతానికి మూలం అన్నట్లు రాసేవారితో నేను ఏకీభవించలేను. 1952లో ఆ ట్రంపెట్ పంక్తిని కట్టినది చెవి, అభ్యాసం, మలిగన్‌తో రాత్రుల తరబడి చేసిన సాధన. వ్యసనం వాటిని తినివేసింది, ఏదీ ఇవ్వలేదు.

తిరిగి రావడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ చొరవతో న్యూయార్క్‌లోని ‘హాఫ్ నోట్’ క్లబ్బులో అవకాశం దొరికింది. 1974లో సీటీఐ సంస్థకు చేసిన ‘షీ వాజ్ టూ గుడ్ టు మీ’లో మళ్లీ పాడాడు, మళ్లీ ఊదాడు. అక్కడి నుంచి ఎక్కువ కాలం ఐరోపాలోనే గడిపాడు. ఆ కాలపు రికార్డులు అసంఖ్యాకం, అన్నీ ఒకే స్థాయిలో ఉండవు. వాటిలో నేను ముందుగా చేతికిచ్చేది 1979లో కోపెన్‌హేగన్‌లో చేసిన ‘ద టచ్ ఆఫ్ యువర్ లిప్స్’. డగ్ రేనీ గిటార్, నీల్స్-హెన్నింగ్ ఓర్‌స్టెడ్ పెడర్సన్ బాస్, డ్రమ్స్ లేవు. వాద్యాలు తక్కువైన కొద్దీ ఊపిరి ఎక్కువగా వినబడుతుంది. ఊదడానికి ముందు ఆయన గాలి తీసుకునే చప్పుడు కూడా మీకు తెలుస్తుంది.

పాట పాలు పెరిగిందా అన్న ప్రశ్నకు, పెరిగిందనే చెప్పాలి. అంతకన్నా ముఖ్యమైన మార్పు స్వభావంలో వచ్చింది. కుర్రతనంలో నునుపుగా ఉన్న గొంతు కాలం గడిచిన కొద్దీ బరువెక్కి, మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. ట్రంపెట్‌లోనూ అదే జరిగింది. 1987 జూన్‌లో టోక్యోలో చేసిన కచేరీ రికార్డు ‘చెట్ బేకర్ ఇన్ టోక్యో’ దొరికితే వదలకండి. చివరి సంవత్సరాలలో ఆయన వాద్యం క్షీణించిందని అనేవారికి అదే నా జవాబు. అందులో కూడా ‘మై ఫన్నీ వాలెంటైన్’ ఉంది. మీరు ఇప్పటికే విన్న 1952, 1954 రికార్డుల పక్కన దానిని ఉంచితే ముప్పై ఐదేళ్ల ప్రయాణం ఒకే పాట మీద వినవచ్చు.

జవాబు: తారస్థాయి

చర్చ ఇద్దరి మీదే నడిచింది గనుక మరికొందరి పేర్లు చేరుస్తాను. బనీ బెరిగన్ 1937లో విక్టర్ సంస్థకు చేసిన ‘ఐ కాంట్ గెట్ స్టార్టెడ్’ తప్పనిసరిగా వినవలసినది. సాదా గొంతుతో పాడి, ఆ వెంట ట్రంపెట్‌తో ఆకాశానికి ఎక్కుతాడు. ఆయన 1942లో, ముప్పై మూడేళ్లకే చనిపోయాడు. క్లార్క్ టెరీ 1964లో ఆస్కార్ పీటర్సన్ త్రయంతో చేసిన ‘మంబుల్స్’లో మాటల్లా వినిపించేవి అసలు మాటలే కావు. ట్రంపెట్ మీద చమత్కారంగా వాయించే ఆయన నోటితోనూ అంతే చమత్కారం చేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ దారిని పొల్లుపోకుండా నేర్చుకొన్న వలైడా స్నోను వినకుండా ఆ తరాన్ని దాటవద్దు. స్త్రీలు ట్రంపెట్ పట్టడాన్ని వింతగా చూసిన రోజులలో ఆమె పాడుతూ, ఊదుతూ దేశదేశాలు తిరిగింది. 1930లలో లండన్‌లో చేసిన ఆమె రికార్డులు ఇప్పుడు సులభంగానే దొరుకుతున్నాయి.

మన కాలంలో ఈ దారిలో నడుస్తున్నవారిలో కెనడాకు చెందిన బ్రియా స్కాన్‌బర్గ్, బార్సిలోనాకు చెందిన ఆండ్రియా మోటిస్ ఉన్నారు. మధ్యమావతి గారి మనసు బేకర్ వైపే ఉందన్నారు కాబట్టి మోటిస్‌ను ముందు వినమంటాను. జువాన్ చమొర్రో బార్సిలోనాలో నడిపే పిల్లల జాజ్ బృందంలో పెరిగిన కళాకారిణి ఆమె. గొంతులోనూ ట్రంపెట్‌లోనూ ఎక్కడా ఒత్తిడి లేకుండా, మధ్యస్థాయిని వదలకుండా పాట చెబుతుంది. 2017లో ఇంపల్స్ ముద్రతో వచ్చిన ‘ఎమోషనల్ డాన్స్’తో మొదలుపెట్టవచ్చు.